నల్లమలపై ఎగిరిన తీగచుట్ట

2025 నవంబరు 3వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లా అచ్చంపేట మండలంలోని మన్నెవారిపల్లె దగ్గర ఒక హెలికాప్టరు గాలిలోనికి లేచినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వారికి హెలికాప్టరు అనగానే ఎన్నికల సభలు, పొలాల నడుమ ఆదరాబాదరాగా చదును చేసిన నేల, కండ్లలో పడు దుమ్ము, జనాన్ని వెనుకకు నెట్టు పోలీసులు జ్ఞాపకం వచ్చుట సహజం. ఈ హెలికాప్టరు ఉపన్యాసకులను మోయుటకు వచ్చినది కాదు. దాని పొట్ట క్రింద పొడుగాటి త్రాళ్ళకు ఒక పెద్ద వలయం వ్రేలాడుచుండెను. దాని అడ్డుకొలత సుమారు 24 మీటర్లు. దూరం నుండి చూచినవారికి ఏ రాక్షసుని బండిచక్రపు కమ్మినో ఊడబెరికి ఆకాశంలో త్రిప్పుచున్నట్లు తోచి ఉండును.

ఆ వలయం ఒక తీగచుట్ట. దానిలోనికి విద్యుత్తు పంపి, వందల మీటర్ల లోతున ఉన్న రాతిపొరల స్వభావాన్ని పైనుండియే తెలిసికొనవలెనని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఆ పని చేపట్టినారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం ఆ కొండల క్రిందుగనే పోవలసియున్నది. ఈ తీగచుట్ట పద్ధతికి ‘వీటెమ్’ అని పేరు. దానిని రూపొందించినది జియోటెక్ అను సంస్థ. ఆ సంస్థ ఉన్నది కెనడా దేశంలో, టొరంటో నగరానికి ఉత్తరంగా, అరోరా అను చిన్న పట్టణంలో.

ఎక్కడి అరోరా, ఎక్కడి అచ్చంపేట! నల్లగొండ బీళ్ళకు కృష్ణ నీరు పారించుటకు కెనడావారి గాలి పనిముట్టు ఎందుకు కావలసివచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోయినచో కెనడా విమానచరిత్రలో అంతగా ప్రచారం పొందని కథలు కొన్ని ఎదురగుచున్నవి. రైట్ సోదరుల కథ మన పిల్లలకు కంఠస్థం. కెనడావారి కథలు మన పాఠ్యపుస్తకాలలోనికి రాలేదు.

కెనడా వైశాల్యంలో మన దేశానికి మూడు రెట్లు. జనాభా మాత్రం తెలంగాణకంటె కొంచెమే ఎక్కువ. ఆ కొద్దిమందిలోను చాలామంది దక్షిణపు సరిహద్దు ననుసరించియే కాపురముందురు. ఉత్తరమంతయు అడవి, లెక్కకు మిక్కిలియైన సరస్సులు, మంచు, బండరాయి. రోడ్డు వేయుదమన్న నేల గట్టిది కాదు, రైలు వేయుదమన్న ఎక్కువారు లేరు. కాబట్టి అక్కడ విమానం మన ఎడ్లబండి చేసిన పని చేసినది. వేసవిలో దానికి తెప్పలవంటి కాళ్ళు తగిలించి సరస్సులపై దింపినారు. శీతకాలంలో జారుడుపలకలు తగిలించి మంచుపై దింపినారు. ఉత్తరాలు, మందులు, కిరసనాయిలు, ప్రసవానికి సిద్ధమైన స్త్రీలు, గనులు వెదకువారు, అందరును ఆ చిన్న విమానాలలోనే ప్రయాణం చేసినారు. ఇట్టి పనికై అక్కడి డిహావిలాండ్ కర్మాగారం తయారుచేసిన ‘ఆటర్’, ‘కారిబూ’ విమానాలను మన వైమానికదళం కూడ కొని, హిమాలయ ప్రాంతాలలోను ఈశాన్య సరిహద్దులలోను చిన్న చిన్న మైదానాలపై దింపినది. ఆటర్ అనగా నీటికుక్క. కారిబూ మంచుదేశపు దుప్పి. విమానాలకు గ్రద్దల పేర్లు, పిడుగుల పేర్లు పెట్టు దేశాల మధ్య ఇట్టి పేర్లు పెట్టినవారి మనస్సు ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

హెలికాప్టరు కథ కూడ అక్కడ పొలంలోనే మొదలైనది. మానిటోబా రాష్ట్రంలో హోమ్‌వుడ్ అను పల్లె. అక్కడ ఫ్రోబే సోదరులు ముగ్గురు, డగ్లస్, నికొలస్, థియొడోర్ అనువారు, సేద్యం చేసికొనుచు 1937-38 ప్రాంతంలో తమ పొలం దగ్గరనే ఒక హెలికాప్టరు కట్టినారు. దానికి పాత విమానపు ఇంజను అమర్చినారు. ఆ యంత్రం కొద్ది అడుగుల ఎత్తు లేచినది. విపరీతంగా అదరుటచేత అంతకుమించి సాధింపలేక ప్రక్కన పెట్టినారు. కెనడాలో నేల విడిచిన మొదటి హెలికాప్టరు అదియే. నేడు అది విన్నిపెగ్ నగరపు విమానప్రదర్శనశాలలో ఉన్నది. అమెరికాలో సికోర్‌స్కీ తన యంత్రాన్ని ఎగురవేసి లోకప్రసిద్ధుడైనది 1939 తరువాతి సంగతి. ఫ్రోబే సోదరులకు అట్టి ధనబలం లేదు, కర్మాగారమూ లేదు. పంట చేతికి వచ్చిన తరువాత మిగిలిన కాలం మాత్రమే వారి పెట్టుబడి.

హెలికాప్టరును కొండలలోనికి తీసికొనిపోయి బ్రతుకుతెరువుగా మార్చినవాడు కార్ల్ ఏగర్. యుద్ధకాలంలో ఇతడు విమానచోదక విద్యార్థులకు శిక్షకుడు. యుద్ధం ముగిసిన పిమ్మట ఇద్దరు మిత్రులతో కలిసి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని ఒకనాగన్ లోయలో ఒక చిన్న కంపెనీ పెట్టి, 1947లో ఒక బెల్ హెలికాప్టరు కొన్నాడు. కొన్నది పండ్లతోటలపై పురుగుమందు చల్లుటకు. ఆ వ్యాపారం గిట్టుబాటు కాలేదు. అప్పుడు అతడు కొండలవైపు చూచినాడు. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడును, రెక్కలకు పట్టు తగ్గును. శిఖరాలమీద గాలి ఏ ప్రక్కనుండి కొట్టునో తెలియదు. హెలికాప్టరు తయారుచేసినవారే అంత ఎత్తున దింపవచ్చునని ధైర్యంగా చెప్పలేని కాలమది. ఏగర్ ఒక్కొక్క శిఖరం మీద వాలుచు, లేచుచు, గాలి నడకను తాను నేర్చుకొని పదిమందికి నేర్పినాడు. భూమికొలతదారులను ఒక్క దినంలో శిఖరం మీద దింపుట, వారు కాలినడకన వారాలతరబడి ఎక్కవలసిన కొండ! 1949లో వాంకూవరు నగరానికి ఉత్తరపు కొండలలో పాలిసేడ్ సరస్సు దగ్గర ఆనకట్ట కట్టవలసివచ్చినప్పుడు దారిలేని ఆ చోటికి మనుష్యులను, సామగ్రిని అతని హెలికాప్టరు చేరవేసినది. నీటికొరకు హెలికాప్టరు కొండ కెక్కుట నాడే జరిగినదన్నమాట. 1950ల నాటికి ఆ ఒకనాగన్ కంపెనీ ప్రపంచంలోని పెద్ద హెలికాప్టరు కంపెనీలలో ఒకటైనది.

ఇంకను ముందుకు పోవుటకు పూర్వం తెలుగు తీరానికి సంబంధించిన ఒక సంగతి చెప్పక తప్పదు. కెనడా విమానికులతో మనకు ఏర్పడిన మొదటి సంబంధం నీటిసొరంగం వలన కాదు, యుద్ధం వలన.

1942 ఏప్రిల్ 4వ తేదీ శనివారం. సింహళానికి ఆగ్నేయదిశగా వందల మైళ్ళ దూరంలో ఒక కెటలీనా నీటివిమానం కాపలా తిరుగుచున్నది. అది కెనడా వైమానికదళపు 413వ స్క్వాడ్రనుకు చెందినది. దాని నాయకుడు లెనర్డ్ బిర్చల్. అంటారియో రాష్ట్రంలో సెయింట్ కాథరిన్స్ అతని జన్మస్థలం. అప్పటికి వయస్సు 26 సంవత్సరాలు. ఉత్తరపు చలి సముద్రాలలో తిరుగుచుండిన ఆ దళాన్ని హఠాత్తుగా సింహళపు కొగ్గల సరస్సుకు తరలించి రెండుమూడు దినాలు మాత్రమే అయినది. సాయంకాలం తిరుగుముఖం పట్టవలసిన వేళ, తామున్న చోటును సరిగా లెక్కకట్టుకొనుటకై ఇంకొంత సేపు నిలిచినారు. దక్షిణపు దిగంతంలో నల్లని చుక్కలు కనిపించినవి. దగ్గరకు పోయి చూచినారు. అది నగుమో సేనాపతి నాయకత్వాన కొలంబోపై దాడికి వచ్చుచున్న జపాను నౌకాదళం, విమానవాహక నౌకలతో సహా. బిర్చల్ విమానం పారిపోవుచునే వర్తమానం పంపినది. జపాను యుద్ధవిమానాలు దానిని తూట్లు పొడిచి సముద్రంలో కూల్చినవి. తొమ్మండుగురిలో ఆరుగురు మాత్రమే ప్రాణాలతో మిగిలి శత్రువులకు బందీలైనారు. యుద్ధం ముగియువరకు బిర్చల్ జపాను చెరలలోనే ఉండి, జబ్బుపడిన తోటి ఖైదీలను పనికి ఈడ్చు అధికారుల కెదురు నిలిచి దెబ్బలు తిన్నాడు. అతని వర్తమానం వలన కొలంబో రేవునుండి చాల ఓడలు ముందుగా బయటపడినవి. ‘సింహళరక్షకు’డను బిరుదు అతనికి దక్కినది.

మరునాడు ఈస్టరు పండుగ. ఆ ఉదయం కొలంబోపై బాంబులు పడినవి. అంతకు మరునాడు, ఏప్రిల్ 6న, వేరొక జపాను నౌకాదళం బంగాళాఖాతంలో చొరబడినది. దాని నాయకుడు ఒజావా. ఆ దళానికి చెందిన ‘ర్యూజో’ నౌకనుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. జపాను బాంబుల రుచి ఈ దేశపు ప్రధానభూమిపై మొదట చూచినది తెలుగువారే. బిర్చల్ పంపిన కబురు కొలంబోకు అక్కరకు వచ్చినది, కాకినాడకు రాలేదు. అతడు చూచిన దళం వేరు, ఇటు వచ్చిన దళం వేరు. తీరమంతటా గగ్గోలు పుట్టినది. మద్రాసునుండి ప్రభుత్వ కార్యాలయాలే లోతట్టు పట్టణాలకు తరలిపోయినవి. ఆ కథ మనవారు చెప్పుకొనునప్పుడు బాంబుల సంగతి చెప్పుదురు గాని రెండు దినాలు ముందుగా సముద్రం మీద కూలిన ఆ కెటలీనాను ఎవ్వరును స్మరించరు. ఏప్రిల్ 9న అదే 413వ స్క్వాడ్రనుకు చెందిన రే థామస్ విమానం ట్రింకోమలీ వైపు అదే నౌకాదళాన్ని మరల కనుగొని కూలిపోయినది. అందులో ఒక్కరును మిగులలేదు. ఆ స్క్వాడ్రను చిహ్నం సింహళపు ఏనుగు తల. నేటికిని ఆ చిహ్నంతోనే అది కెనడా తూర్పుతీరాన ‘నీటికాకి’ అను పేరుగల రక్షణ హెలికాప్టర్లతో సముద్రంలో చిక్కుకొన్నవారిని వెదకు పనిలో ఉన్నది.

ఇక తీగచుట్ట సంగతి. యుద్ధంలో నీటి అడుగున దాగిన జలాంతర్గాములను పసికట్టుటకు విమానాలకు అయస్కాంతమాపకాలు అమర్చినారు. యుద్ధానంతరం ఆ పనిముట్లు గనులు వెదకువారి చేతికి వచ్చినవి. కాని అయస్కాంతం ఇనుపరాతిని పసికట్టినంత సులభంగా రాగిని, తుత్తునాగమును పసికట్టదు. కెనడా అడవుల క్రింద ఉన్న సంపద అధికంగా ఆ జాతిదే. అక్కడి భూభౌతిక శాస్త్రజ్ఞులు 1940ల చివరినుండి మరియొక ఉపాయం మొదలుపెట్టినారు. విమానంనుండి విద్యుదయస్కాంత తరంగమును క్రిందికి పంపవలెను; క్రింద లోహపు ముడిరాయి ఉన్నచో దానిలో ఒక చిన్న విద్యుత్ప్రవాహం పుట్టును; ఆ ప్రవాహం తిరిగి పంపు సన్నని ప్రతిధ్వనిని పైన పట్టుకొనవలెను. 1950ల చివర టొరంటోలో బారింజర్ అను శాస్త్రజ్ఞుడు ఇందులో ఒక మెలకువ కనిపెట్టినాడు. ఎడతెగకుండ పంపుచు వినుట కష్టం. గంట కొట్టి ఆగినచో మ్రోత ఎంతసేపు నిలుచునో తెలియును గదా! అట్లే విద్యుత్తును ఒక్క దెబ్బగా పంపి, టక్కున ఆపి, ఆ నిశ్శబ్దంలో భూమి ఇచ్చు మ్రోతను వినవలెను. నేటి వీటెమ్ వలయానికి మూలసూత్రం ఇదియే.

ఈ విద్య ఎంత లాభసాటియైనదో, ఎంత ప్రమాదకరమైనదో కిడ్ గని కథలో తెలియును. టెక్సాస్ గల్ఫ్ సల్ఫర్ అను అమెరికను కంపెనీ 1957నుండి తూర్పు కెనడా బండనేలలపై పదిహేను వేల చదరపు మైళ్ళకు పైగా ఆకాశంనుండి గాలించినది. వందలాది చోట్ల పనిముట్టు పలికినది. ప్రతి పలుకు గని కాదు. బంకమట్టి పలుకును, బొగ్గుజాతి రాయి పలుకును. 1959 మార్చిలో టిమిన్స్ పట్టణానికి ఉత్తరంగా కిడ్ అను ప్రాంతంపై ఎగిరిన హెలికాప్టరుకు ఒక బలమైన పలుకు వినిపించినది. ఆ నేల కంపెనీది కాదు. దానిపై హక్కు సంపాదించుటకు కొన్ని సంవత్సరాలు పట్టినది. 1963 నవంబరులో మొదటి బోరు వేసినారు. పైకి తీసిన రాతికడ్డీలో రాగి, తుత్తునాగం పుష్కలంగా ఉన్నవి.

అప్పుడు వారు చేసిన పని చిత్రమైనది. చుట్టుప్రక్కల భూములు ఇంకను చేతికి రాలేదు గనుక బోరుయంత్రాన్ని అక్కడనుండి తొలగించి, ఆ చోటు ఎవరికిని తెలియకుండ నరికిన చెట్లకొమ్మలు తెచ్చి నేలలో గ్రుచ్చినారు. పొరుగున ఉన్న భూములవారు తమ కాళ్ళ క్రింద ఏమున్నదో తెలియకయే బేరానికి వచ్చినారు. ఈ లోపల కంపెనీ అధికారులు కొందరు బజారులో తమ కంపెనీ వాటాలను చడీచప్పుడు లేకుండ కొనుక్కొన్నారు. 1964 ఏప్రిల్ 12న ‘వదంతులు నమ్మవలదు’ అను ధోరణిలో ఒక ప్రకటన చేసి, నాలుగు దినాలకే గొప్ప గని దొరికినదని చాటినారు. ప్రకటన నమ్మి వాటాలు అమ్ముకొన్నవారు నెత్తి కొట్టుకొన్నారు. వ్యవహారం అమెరికా న్యాయస్థానాల కెక్కినది. 1968లో వచ్చిన తీర్పు, లోపలి రహస్యం తెలిసినవారు దానిని బయటపెట్టకుండ వాటాల వ్యాపారం చేయరాదను న్యాయసూత్రానికి నేటికిని మూలస్తంభంగా ఉన్నది. మన దేశపు వాటాల బజారులో అమలగుచున్న నిబంధనలకు కూడ ఈ సూత్రంతో చుట్టరికం కలదు. ఆ గని మాత్రం మూడు కిలోమీటర్ల లోతు వరకు పోయినది.

నా దృష్టిలో కిడ్ కథలోని ముఖ్యవిషయం గని కాదు. ఆకాశంనుండి చూచినవానికి నేలపై నిలిచినవానికంటె ఎక్కువ తెలియుట. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని నల్లగొండకు తిరిగివత్తము.

పాత నల్లగొండ జిల్లాలో నీరు రెండు విధాల రైతులను సృష్టించినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. 1967 ఆగష్టులో కాలువలకు నీరు వదలినారు. ఎడమవైపుది లాల్‌బహదూరు కాలువ. దాని క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతాలు పచ్చబడినవి. మిర్యాలగూడలో వరుసగా బియ్యపు మిల్లులు లేచినవి. సూర్యాపేట వైపు మూసీ నీరు కొంత అందినది. కాని పడమటి మెరక ప్రాంతాలు, దేవరకొండ, మునుగోడు, మఱ్ఱిగూడ వైపు, కాలువ ఎక్కలేని ఎత్తున ఉండిపోయినవి. అక్కడివారు బావి త్రవ్వి, అది ఎండగా బోరు వేసి, ఫ్లోరైడు కలిసిన నీరు త్రాగినారు. పండ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకొని, యౌవనంలోనే నడుములు వంగిన మనుష్యుల చిత్రాలు దేశమంతయు చూచినది. సున్నం, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడును విరుగగొట్టు పద్ధతి ఒకటి కలదు. నాగపూరులోని శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఆ పద్ధతికి లోకమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. ఒక జిల్లా పేరు శాస్త్రగ్రంథాల కెక్కుటకు ఇంతకంటె విషాదకరమైన కారణం ఉండబోదు. తరువాత గొట్టాల ద్వారా కృష్ణ నీరు త్రాగుటకు వచ్చినది. సేద్యానికి పుట్టంగండి దగ్గర సాగరంనుండి మోటార్లతో నీటిని పైకెత్తుచున్నారు. మోటారు తిరిగినంతకాలమే ఆ నీరు.

ఎత్తిపోయకుండ, తనంత తాను పారునట్లు కృష్ణను ఆ మెరకకు తెచ్చుటయే శ్రీశైలం ఎడమగట్టు కాలువ ఉద్దేశం. శ్రీశైలం జలాశయంలో దోమలపెంట దగ్గర ప్రవేశించిన నీరు సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో నల్లమలను దాటి మన్నెవారిపల్లె దగ్గర బయటపడవలెను. ముప్పది టి.ఎం.సి.ల నీరు, మూడు లక్షల ఎకరాలకు పైగా సాగు అని లెక్క. 2005లో ఒప్పందం కుదిరి, రెండు కొసలనుండి రెండు మహాయంత్రాలు కొండను తొలుచుటకు పూనుకొన్నవి. 2009 అక్టోబరు కృష్ణ వరదలో శ్రీశైలం వైపు కొస మునిగినది. యంత్రాలు చెడిపోవుట, విడిభాగాలకై విదేశాలకు వ్రాయుట, బిల్లులు నిలిచిపోవుట, ప్రభుత్వాలు మారుట, ఇట్లు ఇరువది సంవత్సరాలు గడచి తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలిపోయినవి.

2025 ఫిబ్రవరి 22 ఉదయం దోమలపెంట వైపు, ముఖద్వారానికి పదునాలుగు కిలోమీటర్ల లోపల, సొరంగపు కప్పు కూలినది. చాలకాలం నిలిచిన పని తిరిగి మొదలై కొద్దిదినాలు మాత్రమే అయినది. పగుళ్ళుబారిన రాతినుండి నీరు, బురద ఉప్పెనవలె దూకి, వందలాది టన్నుల యంత్రాన్ని వెనుకకు నెట్టినది. చాలమంది పరుగెత్తి బయటపడినారు. ఎనిమిదిమంది చిక్కుకొన్నారు. వారు ఈ ప్రాంతీయులు కారు; ఝార్ఖండు, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్ము కాశ్మీరు ప్రాంతాలనుండి కూలికి, కొలువుకు వచ్చినవారు. సైన్యం వచ్చినది, నౌకాదళం వచ్చినది, సింగరేణి గని కార్మికులు వచ్చినారు, ఉత్తరకాశీలో నలుబదియొక్క ప్రాణాలు కాపాడిన ‘ఎలుకబొరియల’ త్రవ్వకందార్లు వచ్చినారు, వాసన పట్టు కుక్కలు కేరళనుండి వచ్చినవి. మార్చిలో రెండు దేహాలు దొరకినవి. ఏప్రిల్ చివర గాలింపు నిలిపివేయునాటికి ఆరుగురు ఆ మట్టిలోనే ఉండిపోయినారు. నల్లగొండ మెరకకు నీరు తెచ్చుటకై ప్రాణాలిచ్చిన ఆ ఎనిమిదిమందిలో నల్లగొండ నీరు త్రాగి పెరిగినవాడు ఒక్కడును లేడు.

కప్పు పైన ఏ రాయి ఉన్నదో ముందుగా తెలియదా? తెలిసికొనవచ్చును. సాధారణంగా సొరంగమార్గం వెంట పైనుండి బోర్లు వేసి రాతిని పరీక్షింతురు. కాని ఈ సొరంగం పోవునది అమ్రాబాదు పులుల అభయారణ్యం క్రింద. పైన చెట్టు కొట్టరాదు, దారి వేయరాదు, బోరు దింపరాదు. నడుమ ఎక్కడను మరియొక ద్వారం పెట్టుటకు వీలులేకనే రెండు కొసలనుండి మాత్రమే తొలువవలసివచ్చినది. అడవిని ముట్టకుండ అడవి క్రింది రాతిని చూడవలెనన్న, గాలిలోనుండి చూచుట తప్ప మార్గం కనబడదు. తీగచుట్ట ఇక్కడ అక్కరకు వచ్చినది. గట్టి రాయిలో విద్యుత్తు నిలువదు, మ్రోత వెంటనే ఆగిపోవును. నీరు నిండిన పగులు, బంకమట్టిగా మారిన రాయి ఉన్నచోట మ్రోత కొంతసేపు నిలుచును. కెనడాలో రాగిని వెదకుటకు పుట్టిన చెవి ఇక్కడ నీటి చప్పుడును వినుటకు వచ్చినది. అక్కడ మ్రోత వినబడినచో పండుగ. ఇక్కడ వినబడినచో భయం.

ఈ పని ముందుకు సాగుటలో 2023 డిసెంబరులో నీటిపారుదల మంత్రియైన ఉత్తమ్‌కుమార్ రెడ్డికి భాగం కలదు. ఆయన సూర్యాపేటలో జన్మించినవాడు, తొలుత కోదాడనుండి శాసనసభకు ఎన్నికైనవాడు. రాజకీయాలలోనికి రాకముందు వైమానికదళంలో మిగ్ యుద్ధవిమానాలు నడిపినవాడు. హెలికాప్టరు ఎంత ఎత్తున ఎగిరిన పనిముట్టు పలుకునో ఆయనకు వేరొకరు చెప్పవలసిన పని ఉండదు.

నల్లమలపై తక్కువ ఎత్తున ఎగురుట తేలికపని కాదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు వైపు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ఈ నల్లమలలోనే పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురు మరణించినారు. అది బెల్ 430 జాతిది. ఆ జాతి హెలికాప్టర్లు కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో మిరబెల్ కర్మాగారంలో తయారైనవి. మేఘాలలో బలంగా క్రిందికి దిగు గాలివాటులో చిక్కి అది అదుపు తప్పినదని విచారణసంఘం తేల్చినది. కార్ల్ ఏగర్ తన శిష్యులకు మొట్టమొదట నేర్పిన పాఠం కొండగాలిని గురించియే.

ఇక నాకు తోచిన ఒక శంక చెప్పుదును. పైనుండి విన్న మ్రోత నీటిదా, ఖనిజానిదా అని తీగచుట్ట తనంత తాను చెప్పదు. అర్థం చెప్పునది పటం చదువువాడు. నల్లమలలోను, సాగరం ఒడ్డున లంబాపూరు, పెద్దగట్టు దగ్గరను యురేనియం ఉన్నదని ప్రభుత్వ సంస్థలు ఏనాడో తెలిసికొన్నవి. సాగరం నీటికి విషం తగులునని 2003లో జరిగిన బహిరంగ విచారణనాటినుండి ప్రజలు ఎదురు నిలిచినారు, గని తెరువలేదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం త్రవ్వరాదని రాష్ట్ర శాసనసభయే తీర్మానం చేసినది. కాబట్టి హెలికాప్టరు చప్పుడు విని చెంచులు తలపైకెత్తి అనుమానించినచో తప్పు పట్టరాదు. సొరంగం కొరకు చేసిన పరిశీలన సొరంగానికే అని మాటతో చెప్పుట చాలదు. ఆ పటాలను, అవి తేల్చిన సంగతులను అందరికిని తెలియునట్లు ప్రకటించుట మేలు. కిడ్ ప్రాంతంలో కంపెనీవారు నేలలో గ్రుచ్చిన కొమ్మలవంటివి ఇక్కడ ఎవరును గ్రుచ్చనక్కరలేదు. ఈ భూమి ప్రజలది, ఈ ఖర్చును ప్రజలదే.

కూలినచోట మహాయంత్రపు ముక్కలను కోసి తీసివేసినారు. మిగిలిన తొమ్మిదిన్నర కిలోమీటర్లను పాతపద్ధతిని మందుగుండుతో పేల్చి త్రవ్వవలెనని ప్రభుత్వం నిశ్చయించినది. మందుగుండు పద్ధతిలో నడక నెమ్మదిగాని, ముందున్న రాతిని అడుగడుగునకు తడిమి చూచుకొనుటకు వీలున్నది. పైనుండి వచ్చిన పటం ఎక్కడ ఎక్కువ జాగ్రత్త కావలెనో చెప్పును. ఆ నీరు వచ్చువరకు దేవరకొండ వైపు రైతుకు పుట్టంగండి మోటార్లే దిక్కు. వాటి కరెంటు ఖర్చు ప్రభుత్వానిది. అవి ఆగిన వారం ఎండు పైరు మాత్రం రైతుది.